నిప్పునకు లొంగని విషము



వంటయింటి వివేకము మన స్త్రీలకు తరతరములనుండి రెండు సాధనముల మూలమున సంక్రమించినది. వానిలో మొదటిది ముక్కు, రెండవది నిప్పు. పాలు విఱిగినవో లేదో, చేప మెత్తబడినదో లేదో, పప్పు పులిసినదో లేదో పుస్తకము చూడకయే మనము చెప్పగలము. సందేహము కలిగినచో మఱికొంతసేపు పొయ్యిమీద నుంచి ఉడికింతుము. ఈ రెండు సాధనములును చాలవఱకు మన సంసారములను కాపాడుచునే వచ్చినవి. కాని వాసన లేనిదియు, రుచి మాఱనిదియు, ఎంత కాచినను నశింపనిదియు నగు విష మొకటి కొన్ని వేళల సముద్రపు గుల్లలలోను ఆలుచిప్పలలోను చేరుచుండును. దాని యెదుట మన ముక్కును పనికిరాదు, మన నిప్పును పనికిరాదు. గర్భవతి యగు స్త్రీ దానిని భుజించినచో ప్రమాద మొక్క ప్రాణమునకు గాదు, రెండు ప్రాణములకు. అందుచేత ఆ విష మెట్టిదో, అది యెక్కడనుండి వచ్చునో, దానినుండి తప్పించుకొను మార్గ మేదో గృహిణు లందఱును తెలిసికొనవలసి యున్నది.

“సముద్ర మెక్కడ? నంద్యాల యెక్కడ?” అని చదువరు లడుగవచ్చును. నిజమే. నంద్యాలకు కుందూనది కలదు, కాలువలు కలవు, తూర్పున నల్లమల కలదు. ఆళ్లగడ్డకు అహోబిలపు కొండలు కలవు. సముద్రము మాత్రము ఆ కొండల కావల చాల దూరమున నున్నది. కాని దూర మను మాటకు పూర్వ మున్న అర్థ మిప్పుడు లేదు. మంచుపెట్టెలలో నుంచిన చేపలును రొయ్యలును లారీలలో కొండలు దాటి మన యంగళ్లకు వచ్చుచున్నవి. అంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. వస్తువు మనయొద్దకు రాకున్నను మన యాడుబిడ్డలు దానియొద్దకు పోవుచున్నారు. కాకినాడలోనో భీమునిపట్టణములోనో పుట్టి మన యూరికి కోడలుగా వచ్చిన పిల్ల పురిటికి పుట్టినింటికి పోవును. మన యూర పుట్టిన పిల్ల మంగళూరులోనో, కేరళములోనో, అమెరికా దేశపు పడమటి తీరమందలి పట్టణములలోనో కాపుర ముండును. ఆమె పురిటికి నంద్యాలనుండియు, ఆళ్లగడ్డనుండియు తల్లులు విమాన మెక్కి పోవుచున్నారు. వేవిళ్లతో నున్న కూతురికి ఏమి పెట్టవలెను, ఏమి పెట్టరాదు అని నిర్ణయించు భార మా తల్లిదే గదా!

విషము పుట్టుక

ఈ విషము గుల్లలకు సహజమైనది కాదు. సముద్రజలములో కంటికి కానరాని నాచుజాతి సూక్ష్మజీవులు లెక్కకు మించి యుండును. భూమిమీద పచ్చిక యెట్టిదో నీటిలో నవి యట్టివి. సూర్యరశ్మిచేత తమ యాహారమును తామే కల్పించుకొని, సముద్రమందలి ప్రాణికోటికి అన్నము పెట్టుచున్నవి. వానిలో చాల భాగము నిరపాయకరములు. కొన్ని జాతులు మాత్రము విషమును తయారుచేయును. అలెగ్జాండ్రియమ్, జిమ్నోడినియమ్ అను వర్గములలోని కొన్ని జాతులు ఇట్టివానిలో ప్రసిద్ధములు. ఎండయు, వెచ్చదనమును, అడుగునీటితో పైకి వచ్చు లవణములును అనుకూలించినప్పు డవి కొలది దినములలోనే కోట్లకొలదిగా పెరుగును. ఒక్కొక్కప్పుడు నీరు ఎఱ్ఱగానో గోధుమవన్నెగానో మాఱును. అయితే రంగు మాఱిన నీటిలో విషము లేకపోవచ్చును. రంగు మాఱని నీటిలో విష ముండవచ్చును. కనుక కంటిని గూడ నమ్ముటకు వీలులేదు.

గుల్లలును ఆలుచిప్పలును ఆహారమును వెదకికొనుచు తిరుగునవి కావు. ఇసుకలో దాగియో, రాతి నంటుకొనియో యుండి, నీటిని లోనికి పీల్చి, జల్లెడ పట్టినట్లు అందలి సూక్ష్మజీవులను నిలుపుకొని, నీటిని వెలికి విడుచుచుండును. రాత్రింబవళ్లు ఈ వడపోత సాగుచునే యుండును. విషజాతులు పెరిగిన దినములలో ఆ విషమంతయు వాని మాంసమున కూడుకొనును. చిత్ర మేమనగా, వానికి సామాన్యముగా ఏ హానియు కలుగదు. క్షీరసాగరమథనమున అమృతముకంటె ముందు హాలాహలము పుట్టినదనియు, పరమశివుడు దానిని కంఠమున నిలుపుకొనెననియు మన మెఱుగుదుము. ఈ యల్పప్రాణియు నట్లే విషమును తనలో నిలుపుకొని సుఖముగా నుండును. శివుడు లోకమును రక్షించుటకై నిలుపుకొనెను. ఇది మాత్రము దానిని మన విస్తరిలోనికి తెచ్చును.

విషజాతులు తగ్గిన పిమ్మట పెక్కు ఆలుచిప్పలు కొన్ని వారములలో శుద్ధి యగును. కాని కొన్నిజాతుల గుల్లలలో విషము నెలల తరబడి యుండును. అమెరికా పడమటి తీరమున దొరకు ‘వెన్నగుల్ల’ యను దానిలో రెండేండ్లవఱకు నిలిచియుండుటయు కలదు. ఆ గుల్లకు శాస్త్రజ్ఞులు పెట్టిన సాక్సిడోమస్ అను పేరునుండియే ఈ విషములలో ముఖ్యమైనదానికి సాక్సిటాక్సిన్ అను పేరు వచ్చినది.

శరీరమున దాని పని

మన నాడులలో వార్త నడచుటకు ఉప్పులోని సోడియము ఆధారము. నాడీతంతువులకు సూక్ష్మములైన ద్వారములు కలవు. అవి తెఱచుకొని సోడియము లోనికి ప్రవేశించినపుడే “చేయి ఎత్తుము”, “ఊపిరి తీయుము” అను ఆజ్ఞలు కండరములకు చేరును. సాక్సిటాక్సిన్ ఆ ద్వారములకు గడియవలె అడ్డుపడును. గడియ పడినచోట వార్త నిలిచిపోవును. ఒకటి మొదలు నాలుగు మిల్లీగ్రాములు, అనగా రమారమి ఒక ఆవగింజ యెత్తు విషము, పెద్దమనిషి ప్రాణమును తీయుటకు చాలునని లెక్కించియున్నారు.

భుజించిన కొన్ని నిమిషములు మొదలు కొన్ని గంటలలోపల మొదట పెదవులును నాలుకయు చిమచిమలాడి తిమ్మిరెక్కును. పిదప ఆ తిమ్మిరి మొగమునకు, వ్రేళ్లకు ప్రాకును. గాలిలో తేలునట్లు తోచును. మాట తడబడును. చేతులు కాళ్లు స్వాధీనము తప్పును. విషము మిక్కుట మైనచో ఊపిరితీయు కండరములు నిలిచిపోవును. అంతవఱకు తెలివి తప్పకుండుటయు కలదు. ఈ విషమునకు విఱుగుడు మందు లేదు. కాని యొక్క గొప్ప ఆశ కలదు: వైద్యశాలలో యంత్రముతో శ్వాస నడిపించుచు మొదటిదినము గడపగలిగినచో, విషము మూత్రముతో బయటికి పోయి, మనిషి చాలవఱకు సంపూర్ణముగా కోలుకొనును. అనగా ఇక్కడ ప్రాణము నిలుచుట కాలముపై నాధారపడి యున్నది.

ఇట్టి ప్రమాదములు క్రొత్తవి కావు. 1793 సంవత్సరము జూన్ 15వ తేదీన, నేటి కెనడా పడమటి తీరమును పరిశీలించుచున్న వాంకూవర్ నౌకాధిపతి పరివారములో కొందఱు నావికులు ఉదయమున ఆలుచిప్పలను వేయించి తినిరి. వారిలో జాన్ కార్టర్ అను నావికుడు కొన్ని గంటలలోనే మరణించెను. మన దేశములో 1981వ సంవత్సరమున చెన్నపట్టణమునకు దక్షిణమున నున్న వాయలూరు గ్రామమున గుల్లలు తిని 85 మంది ఆసుపత్రి పాలైరి, ముగ్గురు మృతినొందిరి. 1997 సెప్టెంబరులో కేరళదేశమున తిరువనంతపురమునకు సమీపమందలి విళింజమున రాళ్లనుండి తీసిన ఆలుచిప్పలు తిని ఏడుగురు చనిపోయిరి. 500 మందికి పైగా వైద్యశాలలలో చేరిరి. వీ రెవ్వరును చెడినపదార్థము తినినవారు కారు. ఆ దినముననో ఆ ముందటి దినముననో తీసిన తాజా గుల్లలను, తమ తాతముత్తాతలు తినిన గుల్లలనే, ఎప్పటివలెనే వండుకొని తినినవారు. ఈ విషయమునే మనము ముఖ్యముగా గమనింపవలెను.

జ్ఞాపకమును హరించు విషము

రెండవ విషము డొమోయిక్ ఆమ్లము. దీనిని మఱియొక జాతి నాచు పుట్టించును. 1987 చివర కెనడా దేశమున ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపమునుండి వచ్చిన ఆలుచిప్పలు తిని నూఱుమందికి పైగా జబ్బుపడిరి, ముగ్గురు మరణించిరి. బ్రతికినవారిలో కొందఱికి క్రొత్తసంగతులను జ్ఞాపకముంచుకొను శక్తి శాశ్వతముగా పోయినది. మొదట వాంతులు, విరేచనములు, తలనొప్పి. పిదప రెండు దినములలోపల మతిభ్రమ, మఱపు. ఇవి దాని లక్షణములు. మెదడులో సహజముగా వార్తలు చేరవేయు గ్లుటమేట్ అను పదార్థమువలె ఈ విషము నటించి, కణములను అతిగా ప్రేరేపించి నశింపజేయును.

మూడవది ఒకడాయిక్ ఆమ్లము. ఇది ప్రాణము తీయునది కాకున్నను, తినిన అరగంట మొదలు కొన్ని గంటలలో విరేచనములు, వాంతులు, కడుపునొప్పి కలిగించును. గర్భిణికి శరీరములోని నీరు తగ్గుటయు నొక ప్రమాదమే గనుక దీనిని తేలికగా చూడరాదు.

ఈ మూడు విషములును ఉడికించుటచేత గాని, వేయించుటచేత గాని, ఎండబెట్టుటచేత గాని, ఉప్పులో నూరవేయుటచేత గాని, మంచులో నుంచుటచేత గాని నశింపవు. మన చింతపండు పులుసు గూడ వీనిని విఱువలేదు. సాక్సిటాక్సిన్ పులుపులో మఱింత నిలకడగా నుండును. ఉడికించిన నీటిలోనికి కొంత విషము దిగును గాని, ఆ నీటితోనే పులుసు పెట్టుదుము గనుక మనకు లాభము లేదు. వెండిగరిటె నల్లబడిన విష మున్నట్లనియు, వెల్లుల్లి రంగు మాఱిన విష మున్నట్లనియు కొందఱు చెప్పు పరీక్షలు వట్టివి. ఈ విషమును కనిపెట్టునది ప్రయోగశాల యొక్కటియే.

గర్భిణి సంగతి

అహోబిలము మన ఆళ్లగడ్డకు చేరువలోనిదే. ప్రహ్లాదుని కథ మన పిల్లలకు గూడ తెలిసినదే. కయాధువు గర్భమందుండగనే నారదుని యుపదేశమును ఆ శిశువు గ్రహించెనని భాగవతము చెప్పుచున్నది. తల్లికి చేరునది బిడ్డకు చేరునను భావము మన పురాణములలో క్రొత్తది కాదు. చరకసంహితలో గర్భిణిని నిండు నూనెపాత్రతో పోల్చియున్నారు. కదలింపకుండ మోయవలసిన పాత్ర యది. నేటి శాస్త్రము ఈ భావమునకే తన విధమున సాక్ష్యము చెప్పుచున్నది.

మొదటి సంగతి శ్వాస. గర్భిణికి మామూలుకంటె నూటికి ఇరువది పాళ్లు అధికముగా ప్రాణవాయువు కావలెను. గర్భము పెరిగినకొలది ఊపిరితిత్తుల క్రింది చోటు తగ్గును. కనుక ఆమె శ్వాస మందగించినచో, ఇతరులకంటె త్వరగా రక్తమున ప్రాణవాయువు తఱుగును. బిడ్డకు వేఱు శ్వాస లేదు. తల్లి శ్వాసయే దాని శ్వాస. సాక్సిటాక్సిన్ తల్లి యూపిరిని అడ్డగించినపుడు, ఆ విషము బిడ్డను తాకినను తాకకున్నను, ప్రాణవాయువు లేమిచేత బిడ్డకు అపాయము తప్పదు.

రెండవది డొమోయిక్ ఆమ్లము. ఇది మాయను దాటి గర్భస్థశిశువును చేరునని జంతువులలో కనుగొనిరి. 1998లో అమెరికాలోని మాంటెరే అఖాతపు తీరమున 400కు పైగా సముద్రసింహములు ఈ విషముచేత చనిపోయెను. నాచును తినిన చిన్నచేపలను అవి తినుటయే కారణము. పిమ్మటి యేండ్లలో ఇట్టి విషము సోకిన చూడి సముద్రసింహములు ఈసుకొనిపోవుటయు, నెలలు నిండక ఈనుటయు వైద్యులు చూచిరి. వాని గర్భజలమున గూడ విషమును కనుగొనిరి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు చూడి కోతులకు ప్రతిదినము స్వల్పమాత్రలో ఈ విషమును ఇచ్చి, ఫలితములను 2019లో ప్రకటించిరి. పిల్లలు మామూలు బరువుతోనే పుట్టెను. కాని తల్లులు చేయి చాచినపుడు చేతులు వణకెను. పిల్లల జ్ఞాపకశక్తిలో సూక్ష్మమైన భేదము కనిపించెను. ఆ రాష్ట్రపు సముద్రతీరవాసులలో, నెలకు 15కు పైగా కత్తిగుల్లలు తినువారికి దినచర్యకు సంబంధించిన జ్ఞాపకము కొంత తగ్గియుండుట మఱియొక పరిశోధనలో తేలినది. కోతికి జరిగినదంతయు మనిషికి జరుగునని చెప్పుట తొందరపాటు. అయినను, కొలది నెలలపాటు మానుకొనినచో నష్టము లేని పదార్థము విషయమున, బిడ్డ మెదడును పణముగా నొడ్డుట వివేకము గాదు.

నిప్పు చేయగల పని

నిప్పు బొత్తిగా నిరర్థక మని యెవ్వరును తలపరాదు. గుల్లలలో విషముతోపాటు క్రిములును చేరుచుండును. కామెర్లు కలిగించు క్రిములు, విబ్రియో యను క్రిములు మురికినీటి తీరములలోని గుల్లలలో నుండును. ఇవి బాగుగ ఉడికినపుడు చచ్చును. కావున పచ్చిగా గాని, సగము ఉడికినవి గాని గర్భిణి తినరాదు. పాశ్చాత్యదేశములలో ఆలుచిప్పలను నిమ్మరసము పిండుకొని పచ్చిగా మ్రింగు వాడుక కలదు. అక్కడ నున్న మన పిల్లలు స్నేహితుల బలవంతముచేత నైనను దానికి లోబడరాదు. క్రిమికి నిప్పే మందు, విషమునకు మాత్రము “ఇది ఏ నీటిలోనిది? దీనిని పరీక్షించినవారు కలరా?” అను ప్రశ్నయే మందు. ఈ రెంటి భేదమును తెలిసిన గృహిణి సగము జయించినట్లే.

ఈ ప్రశ్నను ఎట్లు వేయవలెనో చెప్పెదను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ప్రతి సంవత్సరము మే 1 మొదలు అక్టోబరు 31 వఱకు తీరమున ఎవరికి వారు ఆలుచిప్పలను ఏరుకొని తినుటను ప్రభుత్వము నిషేధించును. ఆ రాష్ట్రమునకు ఉత్తరముననున్న ఆరెగాన్ రాష్ట్రములో 2024 మే నెల చివర, తీరమునుండి తీసిన ఆలుచిప్పలు తిని ఇరువదిమందికి పైగా జబ్బుపడిరి. తీరమంతట వానిని ఏరుటను నిలిపివేసిరి. అట్టి చోట్ల సెలవుదినమున సముద్రతీరమునకు పోయి గుల్లలు త్రవ్వుట యొక వేడుక. త్రవ్వుటకు ముందు ఆ దినపు ప్రభుత్వ ప్రకటన చూడవలెను. గర్భిణి యున్న యింటివారు వేడుక చూచి, ఇసుకలో నడచి, వట్టిచేతులతో తిరిగివచ్చుట మేలు. అక్కడి అంగడివారు గుల్లల బస్తాకు కట్టివచ్చిన చీటీని 90 దినములు భద్రపఱుపవలెనని నియమము కలదు. ఏ నీటిలో ఎప్పుడు తీసినదో ఆ చీటీ చెప్పును. అడిగి తెలిసికొనుటలో అవమాన మేమియు లేదు.

మన దేశమున కాకినాడ అఖాతమున బుడితగుల్లలు మొదలైనవి తీసి జీవించు కుటుంబములు కలవు. వారి జీవనమునకు హాని కలుగుట ఎవ్వరికిని ఇష్టము కాదు. హైదరాబాదులోని భారత జాతీయ సముద్రసమాచార కేంద్రమువారు ఉపగ్రహముల సాయముతో సముద్రమున నాచు విపరీతముగా పెరిగిన చోట్లను గుర్తించి తెలియజేయుచున్నారు. అయితే ఉపగ్రహము నీటిరంగును చూడగలదు గాని గుల్లలోని విషమును తూచలేదు. 100 గ్రాముల మాంసమున 80 మైక్రోగ్రాములకు మించి సాక్సిటాక్సిన్ ఉండరాదని అనేక దేశములు నియమము చేసికొనినవి. అది తెలియుటకు పరీక్ష కావలెను. పరీక్ష లేని గుల్లలను తొమ్మిది నెలలపాటు గర్భిణికి పెట్టకుండుటయే మన చేతిలోని నియమము. మూటకట్టి అమ్ము మంచు సరకులపై తయారుచేసినవారి పేరును, 14 అంకెల అనుమతి సంఖ్యయు నుండవలెను. అవి లేని గుల్లలను, ఆలుచిప్పలను ధర తక్కువని కొనరాదు.

ఏమి తినవచ్చును?

భయము మితిమీఱిన నదియు నొక విషమే. గుల్లల సంగతి విని చేపలన్నిటిని గర్భిణికి మాన్పించు అత్తగార్లు లేకపోలేదు. మాంసకృత్తులును, బిడ్డ మెదడు పెరుగుటకు కావలసిన క్రొవ్వులును, అయోడినును చేపలలో సమృద్ధిగా నున్నవి. రక్తహీనత మన స్త్రీలలో ఎంత యున్నదో చెప్పనక్కఱలేదు. చేపలు తిను నలవాటున్న యింటిలో గర్భిణి వారమునకు రెండు మూడు మాఱులు తాజా చేప బాగుగ ఉడికించి తినుట మేలు. మన చెఱువులలో పెంచు రోహు, బొచ్చె మొదలైనవి మంచివే. రొయ్యలు గుల్లలవలె నీటిని వడగట్టి తినునవి కావు. వాని మాంసమున ఈ విషములు కూడుట మిక్కిలి అరుదు. తలతీసి, నడుమనుండు నల్లని నరమును తీసి, బాగుగ ఉడికించి పెట్టవచ్చును. సముద్రపు ఎండ్రకాయల సంగతి వేఱు. వాని డొక్కలోని పసుపుపచ్చని మెత్తని గుజ్జును చాలమంది యిష్టపడుదురు. విషముండినచో ఎక్కువభాగ మా గుజ్జులోనే యుండును. గర్భిణికి దానిని తీసివేసి, కాళ్లలోని తెల్లని కండ మాత్రము పెట్టవలెను.

మంచినీటి విషయమున గూడ నొక మాట. ఈ విషములకు దాయాదులు మన చెఱువులలోను పుట్టగలవు. వేసవిలో కదలని నీటిమీద ఆకుపచ్చని రంగు పోసినట్లు తెట్టెకట్టుట చూచుచుందుము. ఆ తెట్టెలోని కొన్నిజాతులు కాలేయమును చెఱచు విషములను, కొన్ని సాక్సిటాక్సిన్‌నే పుట్టించును. 1991లో ఆస్ట్రేలియాలోని డార్లింగ్ నదిలో ఇట్టి తెట్టె వేయి కిలోమీటర్ల పొడవున వ్యాపించి పశువులు చచ్చెను. అట్టి నీటిని కాచి త్రాగినను విషము పోదు. కనుక తెట్టెకట్టిన చెఱువులోని నత్తలను, ఎండ్రకాయలను తినరాదు; చేపల ప్రేవులను, కాలేయమును పాఱవేయవలెను; పశువులను ఆ నీటికి తోలరాదు.

తిమ్మిరి యనిన తేలిక చేయరాదు

ఇక మిక్కిలి ముఖ్యమైన సంగతి. గర్భిణీస్త్రీలకు చేతులు తిమ్మిరెక్కుట, తల తిరుగుట, వాంతి యగుట సామాన్యముగా నున్నవే. కావున గుల్లలు తినిన గర్భిణి “పెదవులు తిమ్మిరిగా నున్నవి, అత్తా” యనిన, “కడుపుతో నున్నవారి కిది మామూలే, కాసేపు పడుకొమ్ము” అనుట సులభము. దిష్టి తీయుదురు, సోడా త్రాగింతురు, మజ్జిగ ఇత్తురు. ఆలోపల విలువైన గంటలు గడచిపోవును. గర్భముచేత కలుగు తిమ్మిరి సాధారణముగా వ్రేళ్లలో నుండును, దినములకొలదిగా వచ్చుచు పోవుచుండును. విషపు తిమ్మిరి భోజనమైన కొంతసేపటికి పెదవులలోను నాలుకలోను మొదలై క్రమముగా పెరుగును. ఈ భేదమును కోడలికంటె ముందు అత్తగారు నేర్చికొనవలెను. ఏమనగా, బండిని పిలిపించు అధికారము మన యిండ్లలో తఱచుగా ఆమెదే.

అట్టి లక్షణము కనబడిన తక్షణము 108 బండిని పిలువవలెను. ఆళ్లగడ్డనుండి నంద్యాలకు రమారమి 40 కిలోమీటర్లు. నంద్యాలలో ప్రభుత్వ వైద్యకళాశాల 2023లో ప్రారంభమైనది. ప్రభుత్వ సర్వజన వైద్యశాల కలదు. శ్వాసయంత్ర మున్నచోటికే తీసికొనిపోవలెను. దారిలో గర్భిణిని ఎడమప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. నాలుక తిమ్మిరెక్కినవారికి నోట ఏమియు పోయరాదు; పోసినది ఊపిరిగొట్టములోనికి పోవును. వ్రేలు పెట్టి వాంతి చేయింపరాదు. ఏమి తినినది, ఎప్పుడు తినినది, ఎక్కడ కొనినది వైద్యునికి స్పష్టముగా చెప్పవలెను. మిగిలిన కూరయు, చిప్పలును ఒక గిన్నెలో పెట్టి వెంట తీసికొనిపోవలెను. ఒకే కూర తినిన ఇంటివా రందఱిని గమనించుచుండవలెను; పిల్లల శరీరము చిన్నది గనుక వారికి త్వరగా నెక్కును. రోగి శ్వాస నిలిచినను, యంత్రము దొరకువఱకు నోటితో ఊపిరి పోయుట తెలిసినవా రుండిన ఆశ వదలనక్కఱలేదు. ఆమె కనులు తెఱవలేకున్నను మన మాటలు వినుచుండవచ్చును. కావున మంచముచుట్టు చేరి ఏడువక, ధైర్యపుమాటలు చెప్పవలెను.

సోదరీమణులారా! మన తల్లులు మనకు ముక్కును నిప్పును ఇచ్చిరి. మనము మన కూతుండ్రకు మూడవ సాధన మొకటి చేర్చి యీయవలసియున్నది. అది ప్రశ్న: “ఈ పదార్థ మెక్కడిది? దీనిని పరీక్షించినదెవరు?” సంతలో నైనను, సముద్రతీరమున నైనను, పరదేశపు విందులో నైనను, సిగ్గుపడక ఈ ప్రశ్న వేయుట మన పిల్లలకు నేర్పుదుము గాక. సమాధానము దొరకనిచోట “ఇప్పుడు వలదమ్మా, బిడ్డ పుట్టిన పిమ్మట తిందువు గాని” అని ప్రేమతో చెప్పి, మఱియొక మంచికూర వండి పెట్టుదుము గాక. తొమ్మిది నెలల యోర్పు ఏపాటిది? నిండు నూనెపాత్ర తొణకక గమ్యము చేరుటకంటె ఇంటికి శుభ మేమున్నది?